పరుగు ఆపాక ఇరవై నిమిషాలు

అందరికీ నమస్కారం. కుర్చీ అడిగానని ఏమీ అనుకోకండి. మొన్న కొండ దిగిన దిగుడికి తొడలు ఇంకా అలిగే ఉన్నాయి. మెట్లెక్కి ఈ వేదిక మీదికి రావడమే ఇవాళ్టికి నా వ్యాయామం. (నవ్వులు)

నిర్వాహకులు ఫోన్ చేసి దేని గురించి మాట్లాడతారని అడిగితే, కొండదారుల్లో పరుగు, ఫ్లై ఫిషింగ్ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "రెండిట్లో ఏది?" అన్నారు. రెండూనండీ. ఒకే రోజు, ఒకే సంచీతో, ఒకే జత బూట్లతో. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు కదా. మేం పరిగెత్తుకుంటూ వెళ్లి నీళ్లలో నిలబడే రకం. పాలు ఎటూ దొరకవు, చాలా రోజులు చేప కూడా దొరకదు.

ఇక్కడున్నవాళ్లలో సగం మంది పరుగువాళ్లని బూట్లు చూస్తేనే తెలుస్తోంది. మిగతా సగం గాలంవాళ్లే అయ్యుంటారు, ఎందుకంటే గోడవారగా, నీడలో, కదలకుండా కూర్చున్నారు. (నవ్వులు) కాబట్టి ఒకరి సంగతి ఇంకొకరికి కొంచెం చెప్పాలి. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి.

ముందు గాలం సంగతి. మామూలు గాలానికి కొసన బరువుంటుంది. ఎర, దానికి తోడు ఒక సీసపు గుండు. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొసన ఉండేది చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువే ఉండదు. చేత్తో విసిరితే మీ కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఇక్కడ బరువు దారానికే పెట్టారు. లావుపాటి ఆ లైన్‌ని కర్రతో వెనక్కి విసరాలి, అది గాల్లో పూర్తిగా విప్పుకుని సాగేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి. ఆ ఆగేది అర సెకనో, సెకనో. కొత్తవాళ్లు చేసే తప్పులు దాదాపు అన్నీ అక్కడే. లైన్ సాగకముందే ముందుకి లాగితే కొరడా ఝళిపించినట్టు చప్పుడై పురుగు తెగి ఎటో పోతుంది. లైన్‌కీ పురుగుకీ మధ్య ఓ తొమ్మిది అడుగుల సన్నటి నైలాన్ దారం ఉంటుంది. నేను వాడేదాంట్లో చివరి ముక్క మందం 0.15 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక కంటే కాస్త లావు. ఈ అంకె గుర్తుంచుకోండి, దీనితో నాకు తర్వాత పనుంది.

ఇదేమీ నిన్న మొన్నటి సరదా కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట ఒక రోమన్ రచయిత, మాసిడోనియాలో ఒక నది ఒడ్డు జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు తగిలించి, చుక్కల చేపలు పట్టేవారని రాశాడు. ఆరడుగుల కర్ర, అంతే పొడవు దారం. దారం చుట్టుకునే చక్రం, అదే రీల్, లేదు. జపాన్ కొండ పల్లెల్లో పుట్టిన తెన్కారా పద్ధతిలో ఇప్పటికీ రీల్ లేదు, దారాన్ని కర్ర కొసకే కట్టేస్తారు. పరిగెత్తేవాళ్లకి సరిపోయేది అదే. మూడున్నర మీటర్ల కర్ర, ముక్కలన్నీ ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతే అర మీటరు. బరువు వంద గ్రాములకి అటూ ఇటూ. వీపు మీద ఉందన్న సంగతే మర్చిపోతాం, చెట్టుకొమ్మకి తగులుకునేదాకా.

ఇక పరుగు. దూరపు కొండలు నునుపు. మ్యాపు మీదైతే ఇంకా నునుపు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన కొండల్లో నడిచేవాళ్లకి ఒక లెక్క చెప్పాడు: ప్రతి మూడు మైళ్లకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకి ఇంకో గంట. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ లెక్క ఇంకా చెలామణీలో ఉంది. పరిగెత్తేవాళ్లకి టైం తగ్గుతుంది గానీ, ఎత్తుకి విడిగా సుంకం కట్టాలన్నది మాత్రం మారదు. రోడ్డు మీద కిలోమీటరుకి ఇన్ని నిమిషాలు అని గొప్పగా చెప్పుకునే మనిషి, నిట్టనిలువు వాలు మీద మోకాళ్ల మీద చేతులేసుకుని నడుస్తాడు. అది ఓడిపోవడం కాదు, కొండ మీద పరుగంటేనే అంత. దిగేటప్పుడు చూపు పాదం మీద ఉండకూడదు, నాలుగడుగుల అవతల ఉండాలి. ఈ అడుగుకి కావలసిన రాయిని కన్ను ఎప్పుడో ఎంచేసి ఉండాలి.

1974లో కాలిఫోర్నియాలో గోర్డీ ఐన్స్‌లీ అనే యువకుడు ఒక గుర్రప్పందెంలో గుర్రం లేకుండా పరిగెత్తాడు. సియెర్రా నెవాడా కొండల మీదుగా వంద మైళ్లు, గడువు ఇరవై నాలుగు గంటలు. అంతకు ముందు ఏడాది తన గుర్రం కుంటితే సగంలో ఆగిపోయాడట, ఈసారి గుర్రం సంగతే వద్దనుకున్నాడు. 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. ఇవాళ ప్రపంచమంతా జరుగుతున్న వందమైళ్ల కొండ పరుగులకి అక్కడే బీజం పడిందంటారు. నాకు ఆ కథలో నచ్చేది వేరు. ఆ పద్దెనిమిది నిమిషాలు మిగుల్చుకోవడానికి ఆయన మనసులో గడియారం ఎంత గట్టిగా కొట్టుకుని ఉంటుందా అని. మనందరి లోపలా ఆ గడియారం ఉంది. అది లేకపోతే తెల్లవారుజామున ఎవడు లేస్తాడు?

ఆ గడియారమే నది ఒడ్డున మన కొంప ముంచేది.

నా మొదటిసారి చెప్తాను. పద్నాలుగు కిలోమీటర్లు, తొమ్మిది వందల మీటర్ల ఎక్కుడు, పైన ఒక సరస్సు. దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్, సముద్ర మట్టం దగ్గర అందేదాంట్లో డెబ్భై శాతమే. చివరి మలుపు నేను పరిగెత్తుతూనే పూర్తి చేశాను, ఎందుకంటే నా స్నేహితుడు వెనకబడ్డాడు, వాడు వచ్చేలోపు ఒక చేప పట్టి చూపించాలి. గుండె దడదడా కొట్టుకుంటోంది. కర్ర లాగాను. కొక్కేనికి ఉండే కన్ను ఆవగింజలో సగం. అందులోకి ఆ 0.15 మిల్లీమీటర్ల దారం ఎక్కించాలి. ఎక్కదు. చేతులు వణుకుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది. పళ్లతో పట్టుకుని ఎలాగో ఎక్కించి ముడేస్తే, మొదటి విసురుకే వెనక పొదలో తగులుకుని తెగింది. రెండోది కట్టాను. విసరడానికి చోటు కోసం గబగబా మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. దిగిన చోటి నుంచే మూడు నీడలు బాణాల్లా లోతుకి పారిపోయాయి. చేపలు ఒడ్డునే ఉన్నాయండీ. నేను వాటి నడినెత్తిన అడుగేశాను.

మా వాడు నలభై నిమిషాలకి వచ్చాడు, నడుచుకుంటూ. బండ మీద కూర్చున్నాడు. బూట్లు విప్పాడు, సాక్సు పిండాడు, ఏదో నమిలాడు, ఆకాశం చూశాడు, నీళ్లు చూశాడు. నాకు ఒళ్లు మండింది. చాలాసేపటికి లేచి, సరస్సులోకి వాగు వచ్చి కలిసేచోటికి వెళ్లి, ఒడ్డుకి రెండు గజాలు వెనకే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క విసురు విసిరాడు. పడింది.

నేను ఈ సాయంత్రం చెప్పదలుచుకున్నదంతా ఆ బండ మీద వాడు కూర్చున్న సమయం గురించే. నేను దాన్ని ఇరవై నిమిషాలు అంటున్నాను. కొందరికి పది చాలు, నాకు ఒక్కోసారి ముప్పై. పరుగు రాకపోయినా ఫర్వాలేదు, గాలం విసరడం వంకరగా ఉన్నా ఫర్వాలేదు, ఈ మధ్యకాలం కుదరకపోతే మాత్రం రెండూ పాడవుతాయి.

కొలరాడోలో ఫ్లైయాథ్లాన్ అని పోటీలు పెడుతున్నారు. కొండదారిలో పరుగు, మధ్యలో గాలంతో ట్రౌట్ అనే చల్లనీటి చేపని పట్టి, కొలిచి, వదిలేసి, మళ్లీ పరుగు. చేప పొడవుని బట్టి పరుగు సమయంలోంచి నిమిషాలు తగ్గిస్తారు. ఇది విన్నప్పుడు నాకు చిరాకేసింది, నది ఒడ్డున కూడా గడియారమేమిటని. ఆలోచిస్తే అందులో ఒక గమ్మత్తు ఉంది. ఆగితే లాభం వచ్చే పరుగు పందెం ఇంకెక్కడుంది చెప్పండి?

సరే, ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలి? మొదటిది, కర్ర సంచీలోంచి తీయకండి. తీస్తే చేయి ఊరుకోదు. పొడి చొక్కా వేసుకోండి, ఏదైనా తినండి, నీళ్లకి దూరంగా కూర్చోండి. పరుగులో మన చూపు ముందున్న నాలుగు గజాలకి ఇరుకైపోయి ఉంటుంది. అది మళ్లీ విచ్చుకోవడానికి టైం పడుతుంది. మొదట ఏరంతా ఒకేలా కనిపిస్తుంది, మెరుస్తూ, గలగలమంటూ. ఓ ఐదు నిమిషాలకి అది ముక్కలుగా విడిపోతుంది. ఇక్కడ గులకరాళ్ల మీద పలచగా పారుతోంది, అక్కడ బండ వెనక నీరు నిదానించింది, ఆ వంపులో మడుగు పచ్చగా ఉంది, వేగంగా పోయే పాయకీ నెమ్మదిగా పోయే పాయకీ మధ్య గీత గీసినట్టు నురగ పోతోంది.

ఆ గీత దగ్గరే చేప ఉంటుంది. ఎందుకో పరుగువాళ్లకి చెప్పక్కర్లేదు. తిన్నది ఎంత, ఖర్చు పెట్టింది ఎంత అన్న లెక్క మీకు తెలుసు. ట్రౌట్‌కీ అదే లెక్క. వేగం నీళ్లలో తిండి ఎక్కువ కొట్టుకొస్తుంది, కానీ అక్కడ నిలబడాలంటే శక్తంతా ఈతకే పోతుంది. అందుకని నెమ్మది నీళ్లలో నిలబడి, పక్కన పరిగెత్తే నీళ్లలోంచి వచ్చిన పురుగుని అందుకుని మళ్లీ వెనక్కి వస్తుంది. నురగ ఏ దారిన పోతే తిండీ ఆ దారినే. రాయి వెనకే కాదు, రాయికి ఎదురుగా కూడా చిన్న మెత్తటి చోటు ఉంటుంది, నీళ్లు రాయికి తగిలి వెనక్కి తన్నేచోట. చాలామంది దాన్ని వదిలేస్తారు.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది. అంటే మనం దిగువ నుంచి వెళ్తే వెనక నుంచి వెళ్లినట్టు. ఇంకో సంగతి చూపు. నీళ్లలోంచి పైకి చూస్తే బయటి ప్రపంచమంతా తలపైన ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని అవతల నీటి ఉపరితలం అద్దంలా అడుగునే చూపిస్తుంది. ఒక అడుగు లోతులో ఉన్న చేపకి ఆ కిటికీ వ్యాసం రెండుంపావు అడుగులకి కాస్త ఎక్కువ. ఒడ్డున నిటారుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీ అంచులో నొక్కుకుపోయిన బొమ్మలా కనిపిస్తాడు, వంగి కూర్చుంటే దాదాపు మాయమైపోతాడు. మా వాడు మోకాళ్ల మీద కూర్చున్నది భక్తితో కాదు. (నవ్వులు) అడుగుల చప్పుడు ఇంకో గొడవ. చేప ఒంటి పక్కన ఒక గీతలాంటి అవయవం ఉంటుంది, నీటి కదలికని దాంతో పసిగడుతుంది. ఒడ్డు దాకా ధనధనా దిగుతూ వచ్చే పరుగువాడి రాక మడుగుకి ముందే తెలిసిపోతుంది. చివరి వంద గజాలు నడవండి. గడియారం ఏమైనా అనుకోనివ్వండి.

కూర్చున్నచోటికి కాస్త దిగువన ఒక రాయి తిరగేసి చూడండి, మళ్లీ ఉన్నచోటే పెట్టేయండి. అడుగున ఇసుక రేణువులు అతికించుకుని గొట్టం కట్టుకున్న పురుగులుంటాయి, వాటిని క్యాడిస్ అంటారు. తోకలున్న చదునైన పురుగులుంటాయి, అవి మేఫ్లై పిల్లలు. మేఫ్లై నాకు భలే ఇష్టం. చాలా రకాలు ఏడాది దాకా నీళ్లలో ఉండి, పైకొచ్చి రెక్కలు విప్పాక ఒకట్రెండు రోజులు బతుకుతాయి. పెద్దయ్యాక నోరు పనిచెయ్యదు, తిండి లేదు. రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి చర్మం విడిచే పురుగు జాతి అదొక్కటే. అవి గుంపుగా పైకి లేచే అరగంట ఏరు మరుగుతున్నట్టుంటుంది. అప్పుడు మీ డబ్బాలో ఎన్ని రకాల ఉత్తుత్తి పురుగులున్నాయన్నది అనవసరం, సైజు కుదరాలి. నేను ఆరే మోస్తాను. అరవై మోసే వాళ్లతో నాకు వాదన లేదు, వాళ్ల వీపు వాళ్లిష్టం.

ఇప్పుడు చేప పడిందనుకోండి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను.

మీరు ఒక నిట్టనిలువు గుట్టని చివరిదాకా పరిగెత్తారు. పైకి చేరి వంగి, రొప్పుతున్నారు. ఆ క్షణంలో ఎవరో వచ్చి మీ తల నీళ్లలో ముంచి ముప్పై సెకన్లు పట్టుకున్నారు, ఫోటో కోసం. గాలానికి పడి పెనుగులాడిన చేపని మనం నీళ్లలోంచి బయటికి తీయడం సరిగ్గా అదే. దాని కండరాల్లోనూ మనలాగే లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఉంటుంది, దాని మొప్పలకీ ఆ నిమిషంలోనే ఆక్సిజన్ అన్నిటికంటే ఎక్కువ కావాలి. గాల్లో ఆ మొప్పల పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. 1992లో కెనడా శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ మీద చేసిన ప్రయోగం ప్రచురించారు. బాగా అలిసిపోయేదాకా తరిమి, నీళ్లలోనే వదిలేసిన చేపల్లో 12 శాతం చచ్చిపోయాయి. అలిసిపోయాక ముప్పై సెకన్లు గాల్లో ఉంచినవాటిలో 38 శాతం. అరవై సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం. అది ప్రయోగశాల, అలుపు కూడా విపరీతం. ఏట్లో ఇంత ఘోరంగా ఉండకపోవచ్చు. అయినా ఆ మూడంకెలు చదివిన రోజు నుంచి నా ఫోన్‌లో చేప ఫోటోలు లేవు.

అబద్ధం. ఒకటుంది. (విరామం)

అప్పటికి నేను ఈ లెక్కలేవీ చదవలేదు. ఎండాకాలం చివర, బద్ధకించి ఆలస్యంగా బయల్దేరాను. ఏరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మంచు కరిగిపోయి నీళ్లు పలచగా ఉన్నాయి, కాలు పెడితే హాయిగా, వెచ్చగా ఉన్నాయి. కాలికి హాయిగా ఉందంటే ట్రౌట్‌కి ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, ఇరవై డిగ్రీల దగ్గర 9 దాటి కాస్త. ఇది సముద్ర మట్టం లెక్క, పైకి పోయేకొద్దీ గాలి పలచబడినట్టే నీళ్లలో ఆక్సిజన్ కూడా ఇంకా తగ్గుతుంది. మనకి ఊపిరి ఆడని చోట దానికీ ఆడదు. ఆ రోజు పడిన చేప మోచేతి దాకా ఉంది. ఫోటో తీసుకున్నాను, సరిగ్గా రాలేదని ఇంకోటి. వదిలితే పక్కకి ఒరిగింది. తల ఎగువకి పెట్టి రెండు చేతులతో పావుగంట పట్టుకున్నాను. మొప్పలు రెండుసార్లు కదిలాయి. తర్వాత కదల్లేదు. ఆ రోజు నేను ఎంత టైంలో పైకి చేరానో నిమిషాలతో సహా గుర్తుంది, నా రికార్డు అది. అందుకే ఆ ఫోటో తీసెయ్యలేదు.

ఇప్పుడు సంచీలో థర్మామీటర్ ఉంటుంది. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటితే కర్ర తీయను. ముళ్లు నొక్కేసిన కొక్కేలే వాడతాను, తేలిగ్గా ఊడి వస్తాయి. చేయి తడుపుకోకుండా చేపని ముట్టుకోను, పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరని తుడిచేస్తుంది. కొక్కెం నీళ్లలోనే తీసేస్తాను. ఎంత దూరం పరిగెత్తి వచ్చానన్నది నీళ్లకి తెలియదు కదా. పాతిక కిలోమీటర్లు వచ్చాను కాబట్టి ఒక్కసారైనా విసరాలి అనిపిస్తుంది, నాకిప్పటికీ అనిపిస్తుంది. అలాంటప్పుడు బూట్లు విప్పుకుని కాళ్లు ముంచుకుని కూర్చుంటాను.

తిరుగు పరుగు సంగతి పరుగువాళ్లు జాగ్రత్తగా వినాలి. గాలంవాళ్లు రబ్బరు ప్యాంట్లు వేసుకుని నీళ్లలో దిగుతారు. మనం అవి మోయలేం, నిక్కరుతోనే దిగుతాం. మంచు కరిగిన నీళ్లు ఆరేడు డిగ్రీలు ఉంటాయి. అరగంట నిలబడ్డాక పాదాల్లో స్పర్శ ఉండదు. ఆ పాదాలతో రాళ్ల వాలులో దిగడం మొదలెడితే, చీలమండ బెణికిన సంగతి కూడా పది అడుగుల తర్వాత తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది. కాబట్టి ఇటు కూడా కొంతసేపు కావాలి, తుడుచుకుని, సాక్సు మార్చుకుని, కాళ్లలోకి మంట వచ్చేదాకా నడవాలి. ఇంకోటి, మంచు కరిగే కాలంలో పొద్దున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి తొడల దాకా వస్తుంది, ఎండకి పైన మంచు కరుగుతూనే ఉంటుంది కనుక. వెళ్లేటప్పుడే తిరిగి దాటే సంగతి చూసుకోండి. వేసవి మధ్యాహ్నాల్లో పిడుగులు. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటి ఉంటే మధ్యాహ్నంలోపే దిగిపోవాలి. చేతిలో మూడున్నర మీటర్ల కార్బన్ ఫైబర్ కర్ర, దాంట్లోంచి కరెంటు బాగా పోతుంది. ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా. (నవ్వులు)

తడి, గాలి, ఎత్తు, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో చూశాం. వంద కిలోమీటర్ల కొండ పరుగు, 172 మంది బయల్దేరారు. మధ్యాహ్నానికి చలిగాలి, వడగళ్లు, గడ్డకట్టించే వాన. చాలామంది ఒంటి మీద పలచటి నిక్కర్లు, చొక్కాలే. 21 మంది చనిపోయారు, వాళ్లలో దేశంలోనే పేరున్న పరుగువీరులు ఉన్నారు. ఆరుగుర్ని ఒక గొర్రెల కాపరి గుహలోకి తీసుకెళ్లి నిప్పు రాజేసి బతికించాడు. ఆయన దగ్గర పొడి గుహ, కట్టెలు, ఆగే తీరిక ఉన్నాయి. వానకోటు బరువని ఇంట్లో వదిలేసి గాలం కర్ర పెట్టుకునేవాళ్లని నేను చూశాను. అద్దంలో కూడా చూశాను.

మనవాళ్లు పెద్దగా పట్టించుకోని ఇంకో సంగతి, బూట్లు. గాలంవాడు రోజంతా ఒక ఏరు దగ్గరే ఉంటాడు. పరుగువాడు పొద్దున ఒక లోయలో వాగు దాటి, కనుమ ఎక్కి, మధ్యాహ్నం వేరే లోయలో వాగు దాటతాడు. తడి బూటులో ఒక చుక్క చాలు. డిడిమో అనే నాచు లాంటిది 2004లో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో బయటపడింది, అడుగు రాళ్లన్నిటినీ గోధుమరంగు కంబళిలా కప్పేస్తుంది. అక్కడ 2008లో గాలంవాళ్లు వాడే ఉన్ని అడుగుల బూట్లు నిషేధించారు, అవి తొందరగా ఆరవని. మన బూట్లలోని స్పాంజీ ఏమైనా తక్కువా? అక్కడివాళ్లు చెప్పేది ఇదీ: కడగండి, లోపలా బయటా ముట్టుకుంటే పొడిగా ఉండాలి, ఆ తర్వాత ఇంకో 48 గంటలు ఆరనివ్వండి. అందుకే రెండు జతలు కావాలి. ఇంట్లోవాళ్లకి ఈ కారణం చెప్పి కొనుక్కోండి.

ఇక ఎవరూ అడుగుపెట్టని చోటికి చేరామన్న గర్వం. ఒకప్పుడు నాకది చాలా ఉండేది. సియెర్రా నెవాడా పైసరస్సుల్లో చాలావాటిలో అసలు చేపలే ఉండేవి కావు, కింద జలపాతాలు అడ్డం. కంచరగాడిదల మీద డబ్బాల్లో చేపపిల్లల్ని మోసుకెళ్లి వదిలారు, తర్వాత విమానాల్లోంచి కుమ్మరించారు. ఆ చేపలు అక్కడి పసుపుకాళ్ల కప్పల తోకపిల్లల్ని తినేశాయి. 2001 నుంచి కొన్ని సరస్సుల్లో వలలేసి చేపల్ని తీసేస్తుంటే అక్కడ కప్పలు మళ్లీ పెరిగాయి. ఇది తెలిశాక, పన్నెండు మలుపులెక్కి చేరిన సరస్సులో చేప ఎగిరితే సంతోషమూ వస్తుంది, ఇక్కడ ఎవరి ఇల్లు కూల్చి నిన్ను పెట్టారో అనీ అనిపిస్తుంది. రెండూ ఒకేసారి.

ప్రశ్నలేమైనా ఉంటే...

(సభలోంచి: రెండూ కలిపితే ఏదీ సరిగ్గా రాదు కదండీ?)

రాదు. ఒట్టి పరుగువాళ్లు నాకంటే ముందు దిగిపోతారు, ఒట్టి గాలంవాళ్లు నాకంటే ఎక్కువ పడతారు. కానీ పరుగు లేకపోతే ఆ పైమడుగు దాకా వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రాలేను. గాలం లేకపోతే అక్కడ ఆగను. మడుగుని ఫోటో తీసుకుని, గడియారం చూసుకుని వెనక్కి తిరిగేవాణ్ణి. తిరిగేవాణ్ణి ఏమిటి, చాలా ఏళ్లు అలాగే తిరిగాను.

(సభలోంచి: ఇరవై నిమిషాలైందని ఎలా తెలుస్తుంది? వాచీ చూసుకుంటారా?)

వాచీ సంచీలో పడేస్తాను. కొక్కెం కన్నులోకి దారం ఎక్కించి చూస్తాను. మొదటిసారికే దూరితే చేయి నిలకడకొచ్చినట్టు. దూరకపోతే కొక్కెం డబ్బాలో పెట్టేసి మళ్లీ కూర్చుంటాను. మొన్న మూడుసార్లు కూర్చున్నాను. నాలుగోసారికి దూరింది గానీ, అప్పటికి కనుమ మీదికి మబ్బులు వచ్చేశాయి. కర్ర మడిచి దిగిపోయాను.